దొరసాని కాదు, తుర్రంఖాన్

ఈసారి వచ్చిన జాబుల్లో సగానికి సగం దెయ్యాల మీదే. బోనాలు అయిపోయాయి, పెళ్లి ముహూర్తాలు లేవు, ఊసుపోక దెయ్యాల మీద పడ్డారేమో. పోనీలెండి, నాకూ ఇష్టమైన సబ్జెక్టే.

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి ఈ ఏడాదే కోఠి ఉమెన్స్ కాలేజీలో చేరింది. పాత దర్బారు హాలు మెట్ల మీద రాత్రిపూట తెల్లగౌను దొరసాని దిగుతుందని సీనియర్లు చెప్పారట. పిల్ల గదిలో లైటు ఆర్పనివ్వడం లేదు. ఫోన్ చేస్తే ఏడుపు. నాకూ టెన్షన్‌గా ఉంది. మీరు అక్కడే చదివానని ఒకసారి రాశారు. నిజం చెప్పండి.
– ఒక తల్లి, నల్గొండ

జవాబు: అమ్మా, 1974లో నేను హాస్టల్లో దిగిన మూడో రోజే నాకూ ఈ దొరసానిని పరిచయం చేశారు. అప్పుడూ తెల్లగౌనే. యాభై ఏళ్లయినా బట్టలు మార్చుకోలేదు పాపం.

మీ అమ్మాయికి ముందు ఈ సంగతి చెప్పండి. ఆ భవనం కాలేజీ కోసం కట్టింది కాదు, బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గర ఉండే ఇంగ్లీషు దొర బంగళా. కట్టించిన దొర కిర్క్‌పాట్రిక్. ఆయన పెళ్లాడింది దొరసానిని కాదు, ఖైరున్నీసా అనే మన హైదరాబాదీ అమ్మాయిని. ఆమె పర్దా దాటి బంగళా ముందువైపుకి రాకూడదు కాబట్టి, అచ్చం ఆ బంగళాలాంటిదే బొమ్మరిల్లంత నమూనా ఒకటి జనానా తోటలో కట్టించి చూపించాడని చెప్పుకుంటారు. ఆ నమూనా ఇంకా ఉంది. మా రోజుల్లో దాని మీద పిచ్చిమొక్కలు మొలిచి ఉండేవి. 1805లో పిల్లలిద్దర్నీ చదువుకని ఇంగ్లండ్ ఓడ ఎక్కించారు. ఆ తల్లి వాళ్లని మళ్లీ చూడలేదు. అదే ఏడాది కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో పోయాడు. 1813లో, ముప్పై ఏళ్లన్నా నిండకుండానే ఆమె కూడా పోయింది. ఒకవేళ అక్కడ ఎవరైనా తిరుగుతున్నా గౌను వేసుకోదు, ఇంగ్లీషు మాట్లాడదు. పిల్లల కోసం వెతుక్కుంటున్న తల్లిని చూసి మీ పిల్ల భయపడాల్సిన పనేముంది?

అయితే నేను భయపడలేదని కాదు. ఒకరోజు రాత్రి నేనూ నా రూమ్మేటూ రూపాయి పందెం కాసి, మెట్ల దగ్గరి రాతి సింహాన్ని ముట్టుకుని రావడానికి వెళ్లాం. సగం దారిలో వాచ్‌మన్ తాత పట్టుకున్నాడు. వార్డెన్‌కి చెప్తాడేమోనని మా గుండెలు దడదడ. ఆయన మమ్మల్ని తిట్టనే లేదు. లాంతరు కింద పెట్టి, "దొరసాని లేదు గిరసాని లేదు బిడ్డా. నా భయమంతా గోడవతల చెట్టుకు ఏలాడదీసిన ఖాన్‌సాబ్‌తోనే" అన్నాడు. ఎవరా ఖాన్‌సాబ్ అంటే చెప్పలేదు. "మా నాయిన చెప్పిండు" అని ఊరుకున్నాడు.

ఆ ఖాన్‌సాబ్ ఎవరో నాకు తెలిసింది పదేళ్ల తర్వాత, నేను పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు. 1857 జులై 17న కొన్ని వందల మంది రొహిల్లా పఠాన్లు రెసిడెన్సీ మీద దాడి చేశారు. ముందు నడిచినవాళ్లు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్. పుత్లీబౌలి వైపు రెండు ఇళ్లలో దూరి రాత్రంతా కాల్పులు జరిపారు. దాడి జరగబోతోందని నిజాం దివాన్ సాలార్‌జంగ్ ముందే కబురు పంపించడంతో రెసిడెన్సీ లోపలివాళ్లు సిద్ధంగా ఉన్నారు. తెల్లారేసరికి అంతా అయిపోయింది. మౌల్వీని అండమాన్ పంపించారు, ఆయన అక్కడే పోయాడు. తుర్రేబాజ్‌కీ అదే శిక్ష పడింది కానీ 1859 జనవరిలో జైల్లోంచి తప్పించుకున్నాడు. పట్టిస్తే 5,000 రూపాయలన్నారు. వారం తిరక్కుండానే తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, శవాన్ని తెచ్చి జనమంతా చూసేలా వేలాడదీశారు.

మనకి 1857 అంటే మీరట్, ఢిల్లీ, ఝాన్సీ. నాకు బళ్లో ఎవరూ ఈయన పేరు చెప్పలేదు. కానీ ఎవడైనా ఎగిరెగిరి పడితే "పెద్ద తుర్రంఖాన్ వచ్చిండు" అని రోజుకి నాలుగుసార్లు అనుకునేవాళ్లం. ఆ మాట ఈయన పేరులోంచే వచ్చిందంటారు. చదువుకున్న మేము మాట ఒక్కటే దాచుకున్నాం, చదువురాని తాత మనిషిని గుర్తుపెట్టుకున్నాడు. కాకపోతే దెయ్యంగా.

ఇప్పుడు కోఠి బస్టాండ్ దగ్గర 1857 స్మారకం ఉంది. ఆదివారం మీరు వచ్చినప్పుడు పిల్లని తీసుకెళ్లి చూపించండి. ఇక సీనియర్లంటారా, వాళ్లకీ ఎవరో చెప్పే ఉంటారు. వచ్చే ఏడాది మీ అమ్మాయి కూడా చెప్తుంది, రాసిపెట్టుకోండి.

ప్రశ్న: చింతచెట్టు మీద దెయ్యాలుంటాయని, రాత్రి దాని కింద పడుకోకూడదని మా నాన్నమ్మ అంటుంది. ఉస్మానియా ఆస్పత్రిలో మా మామయ్యకి తోడుగా ఉన్నప్పుడు అక్కడి పాత చింతచెట్టు కిందే పడుకున్నాను. ఇంట్లో తెలిసి దిగదుడుపు తీశారు. నవ్వొచ్చింది, కొంచెం భయమూ వేసింది.
– డిగ్రీ విద్యార్థి, ఉప్పల్

జవాబు: దిగదుడుపు తీస్తే తీయించుకో నాయనా, పోయేదేముంది, రెండు ఎండుమిరపకాయలు. కానీ నాన్నమ్మకి ఆ చెట్టు సంగతి చెప్పు. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరి మీద పడ్డప్పుడు దాదాపు 150 మంది ఆ కొమ్మలు పట్టుకునే బతికారు. ఆ వరదలో పోయినవాళ్లు 15,000 మంది వరకూ ఉంటారని అంచనా. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ కళ్ల ముందే తల్లి, భార్య, కూతురు కొట్టుకుపోయారు. ఆ ఇంట్లో ఆయనొక్కడే మిగిలాడు. దెయ్యాలే ఉండాలంటే చెట్టు మీద కాదు, కింద నదిలో ఉండాలి.

అప్పటి నిజాం మహబూబ్ అలీ పాషా స్వయంగా ఒడ్డుకి వచ్చి పట్టుచీర, పసుపు కుంకుమలు సమర్పించి మూసీని శాంతించమని వేడుకున్నాడని పాతబస్తీలో ఇప్పటికీ చెప్తారు. చిన్నప్పుడు మా ఇంటికొచ్చే గాజులామె ఈ కథ చెబుతూ, తనే పక్కన నిలబడి చూసినట్టు చీర రంగు కూడా చెప్పేది. పాషా పూజ సంగతి ఎలా ఉన్నా, తర్వాత వరదలు ఆపడానికి ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టడం పూర్తయింది. ఏటా సెప్టెంబర్ 28న కొందరు ఆ చెట్టు కిందే కలుసుకుని పోయినవాళ్లని తలుచుకుంటారు. ఈసారి నువ్వూ వెళ్లు, పగలే.

ప్రశ్న: గోల్కొండ నుంచి చార్మినార్ దాకా సొరంగం ఉందంటారు. నిజమేనా?
– ఆటోడ్రైవర్, మెహిదీపట్నం

జవాబు: ఉంటే తానీషా దాంట్లోంచే పారిపోయేవాడు కదా తమ్ముడూ? 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు కోట చుట్టూ కూర్చున్నాడు. చివరికి లోపలివాడే ఒకడు తలుపు తీశాడు. తానీషా కోటలోనే దొరికి, దౌలతాబాద్ చెరలో పోయాడు. సొరంగం చూపిస్తానని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకు.

ప్రశ్న: మా ఏరియా మూసారాంబాగ్. మూసా, రాం అని ఇద్దరు స్నేహితులుండేవారని, వాళ్ల సమాధి గుట్ట మీద ఉందని మా ఓనర్ చెప్పాడు. మతసామరస్యానికి మంచి ఉదాహరణ అనిపించింది.
– ప్రైవేటు ఉద్యోగి, మూసారాంబాగ్

జవాబు: బాగుంది కానీ, అక్కడ పడుకున్నది ఒక్కడే. అతను మూసా కాదు, రామూ కాదు. రేమండ్ అనే ఫ్రెంచివాడు, నిజాం పటాలానికి సేనాని. గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోయించింది ఇతనే. 'ముస్యే రేమండ్' అన్నది ముస్లింల నోట మూసా రహీం, హిందువుల నోట మూసా రాం అయింది. ఎవరికి కావలసినట్టు వాళ్లు పిలుచుకున్నారన్నమాట. 1798 మార్చి 25న పోయాడు. అదే ఏడాది అక్టోబర్లో పైన చెప్పిన కిర్క్‌పాట్రిక్ దొరే అతని పటాలం చేత ఆయుధాలు కింద పెట్టించాడు. అయినా చాలా ఏళ్లపాటు రేమండ్ పోయిన రోజున జనం సమాధి దగ్గర దీపాలు పెట్టి, అగరొత్తులు వెలిగించి ఉర్సు చేసేవారు.

కిందటి నెల నేనూ ఆ గుట్ట ఎక్కాను, మోకాళ్లు తిట్టుకుంటూ. నల్లరాతి స్తంభం నీడలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఇది ఎవరిదిరా అని అడిగితే ఒకడు "మూసా బాబాది" అన్నాడు. భయం వేయదా అన్నాను. "ఏం జెయ్యడు అమ్మమ్మా. బాల్ పోతే మొక్కుకుంటం, దొరుకుతది" అన్నాడు.