సైకిల్ దిగాక కాళ్లు కదలట్లేదు!

ప్రశ్న: సార్, మాది బెజవాడ భవానీపురం, నాకు 38 ఏళ్లు. మొన్న మొదటిసారి స్ప్రింట్ ట్రయథ్లాన్ చేశా, 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు ఎలాగోలా లాగించేశా గానీ చివర్లో 5 కిలోమీటర్ల పరుగు మొదలెట్టగానే కాళ్లు నావి కావన్నట్టు అయిపోయాయి, మామూలుగా రోజూ పది పరిగెడతా, ఇదేంటండీ?

జవాబు: కంగారేం లేదు తమ్ముడూ, అందరికీ అంతే, నా మొదటి రేసులో అయితే నేను హెల్మెట్ తియ్యడం కూడా మర్చిపోయి అలాగే పరిగెత్తా, జనం ఒకటే నవ్వు! సైకిల్ మీద వంగి కూర్చుని గుండ్రంగా తొక్కిన కాళ్లకి ఒక్కసారిగా నిలబడి పరిగెత్తమంటే అలవాటు పడటానికి కాసేపు పడుతుంది. దీనికి బ్రిక్ ప్రాక్టీస్ అని ఉంది, వారానికోసారి తెల్లారుజామున ట్రాఫిక్ లేనప్పుడు ఓ గంట తొక్కి, దిగీ దిగగానే ఓ పావుగంట మెల్లిగా పరిగెత్తు. రేసులో చివరి రెండు కిలోమీటర్లు గేర్ తగ్గించి తేలిగ్గా తొక్కు, దిగాక మొదటి కిలోమీటరు చిన్న చిన్న అడుగులేస్తే చాలు. మన ఎండకి ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు సైకిల్ మీదే తాగెయ్, పరిగెడుతూ తాగితే పొట్టలో గడబిడే. ఈత సంగతి అడగలేదు గానీ, ప్రాక్టీస్ అని ఒక్కడివే కృష్ణలోకి మాత్రం దిగకు.