కాంగ్‌షీ ముద్ర ఉన్న కుంచెల పాత్ర నిజంగా పాతదేనా?

ఆన్‌లైన్ వేలంలో చైనా నీలి-తెలుపు పింగాణి కుంచెల పాత్ర (రాత కుంచెలు నిలబెట్టి ఉంచేది) ఒకటి కనిపించిందనీ, దాని అడుగున కాంగ్‌షీ చక్రవర్తి పేరుతో నాలుగక్షరాల ముద్ర ఉందనీ, కొనవచ్చా అనీ అడిగారు. నేను లండన్‌లో ఉంటాను. వేలానికి ముందు జరిగే ప్రదర్శనల్లో ఇటువంటి వస్తువులను అడిగి చేతిలోకి తీసుకుని చూడడం నాకు అలవాటు, చిన్నవి కొన్ని కొన్నాను కూడా. ఆ అనుభవం కొద్దీ చెప్తున్నాను: ముద్రను అన్నిటికంటే చివర చూడండి.

కాంగ్‌షీ 1662 నుంచి 1722 వరకు పాలించాడు. అయితే 1677లో, చైనాలో పింగాణి తయారీకి పేరుపొందిన జింగ్‌డెజెన్ ప్రాంతపు అధికారి, పగిలిన పింగాణి మీద చక్రవర్తి పేరు ఉండడం అమర్యాద అని, ప్రైవేటు బట్టీలవారు ఆ పేరు రాయకూడదని నిషేధించాడు. అందుకే ఆ కాలపు అసలు వస్తువుల అడుగున తరచుగా ఖాళీ జంట వలయాలో, ఒక ఆకు బొమ్మో, లేదా రెండు శతాబ్దాల వెనుకటి చెంగ్‌హువా చక్రవర్తి పేరో కనిపిస్తుంది. మీరు చెప్పిన నాలుగక్షరాల కాంగ్‌షీ ముద్ర మాత్రం పందొమ్మిదో శతాబ్దం చివర, పాత పద్ధతిని అనుకరిస్తూ చేసిన పింగాణి మీద విరివిగా ఉంటుంది. అవి కూడా అందమైనవే, కాకపోతే ధర వేరు.

పాత్రను తిరగేసినప్పుడు కాంగ్‌షీ కాలపు పనిలో సాధారణంగా మధ్యన గ్లేజు (గాజులాంటి మెరుపు పూత) పూసిన గుండ్రని చిన్న గుంట, దాని చుట్టూ గ్లేజు లేని వెడల్పాటి వలయం ఉంటాయి. ఆ వలయాన్ని వేలితో నిమిరితే మట్టి చాలా సన్నగా, గట్టిగా, దాదాపు నున్నగా తగులుతుంది; గ్లేజు ఆగిపోయిన అంచున అక్కడక్కడ సన్నని నారింజ రంగు చార కనిపించవచ్చు. నకిలీలు చేసేవారు ఇదే రంగును పూసి చూపిస్తారు. అయితే పూసిన రంగు అడుగంతా ఒకేలా పరుచుకుని, గీతల్లోనూ గుంటల్లోనూ పేరుకుంటుంది, అంచు వెంట మాత్రమే ఉండదు. అంతకు కొంచెం ముందు, చోంగ్‌జెన్ కాలంలో (1628–1644) చేసిన కుంచెల పాత్రలకు అడుగు చదునుగా, పూర్తిగా గ్లేజు లేకుండా ఉండడం, మూతి కింద, అడుగు పైన గ్లేజు లోపల సూదితో గీసినట్టు సన్నని అలంకార పట్టీ ఉండడం మామూలు. ఆ చదును అడుగు మీద ఎవరైనా రాజముద్ర చూపిస్తే నేనైతే అక్కడితో ఆగిపోతాను.

తరువాత నీలం చూడాలి. మంచి కాంగ్‌షీ పనిలో నీలి రంగునిచ్చే కోబాల్టును పలుచన చేసి, చిక్కన చేసి, ఒకే కొండ మీద నాలుగైదు ఛాయలు తెచ్చేవారు. అంతా ఒకే మోతాదులో, ఊదా వైపు మొగ్గి ఉంటే అనుమానించాలి. లోపలి అడుగును కూడా మరువకండి: కుంచెలను కాడ కిందికి ఉండేలా నిలబెడతారు కాబట్టి, దీర్ఘకాలం వాడిన పాత్రలో దిక్కుదిక్కుల సన్నని గీతలు ఉంటాయి. అన్నీ ఒకే దిశలో ఉంటే గరుకు కాగితం పని కావచ్చు.

బడ్జెట్ తక్కువైతే సిరా నూరేటప్పుడు నీటిని చుక్కలుగా వేసే నీటి బొట్టు పాత్రలు, సిరా అద్దిన కుంచెను కడిగే చిన్న గిన్నెలు చూడండి. ఇవి సాధారణంగా కుంచెల పాత్రలకంటే అందుబాటు ధరకు వస్తాయి. అయిదు శిఖరాల కొండ ఆకారంలోని కుంచె పీఠాలు (కుంచెను ఆనించి ఉంచేవి) మాత్రం, ముఖ్యంగా జెంగ్‌దే కాలపు (1506–1521) అరబిక్ లిపి రాతలున్నవి, మ్యూజియంలకు చేరవలసినంత అరుదు. హైదరాబాద్‌లో ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియంలోని చైనా పింగాణి గదిలో ఒక పూట గడిపి నీలాన్ని కంటికి అలవాటు చేసుకోండి. లండన్ వస్తే బ్రిటిష్ మ్యూజియం 95వ గదిలోని పెర్సివల్ డేవిడ్ చైనా పింగాణి సేకరణ చూడండి.

వేలందారును పగటి వెలుతురులో తీసిన అడుగు ఫొటో, లోపలి అడుగు ఫొటో, బరువు, మరమ్మతుల వివరం రాతపూర్వకంగా అడగండి. ఇవ్వడానికి వెనకాడితే ఆ పాత్రను వదిలేయండి.