మా నాన్న కత్తి నీ చేతికొచ్చిందట

చిరంజీవి మనవడికి తాతయ్య ఆశీర్వదించి రాసేది.

మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. పెట్టె అడుగున ఉన్న మా నాన్న మంగలి కత్తి హైదరాబాదు పట్టుకెళ్ళావట, ఇకనుంచి దానితోనే గడ్డం గీసుకుంటావట. రాత్రి నిద్ర పట్టలేదురా. మీ నాన్న బ్యాంకు ఉద్యోగంలో చేరాక ఆ కత్తిని అడిగినవాడు లేడు. నువ్వడిగావంటే గుండె నిండింది. మరుక్షణం నీ మెడ కళ్ళ ముందుకొచ్చింది, లేచి కూర్చున్నాను.

వేడినీళ్ళతో గడ్డం నానబెట్టడం, చర్మం లాగి పట్టుకోవడం, కత్తిని 30 డిగ్రీల వాలులో ఉంచడం నువ్వు వీడియోల్లో చూసే ఉంటావు. కత్తి ఎప్పుడు నూరాలో తెలుసుకోవడం మాత్రం చూస్తే రాదు. నాకెలా వచ్చిందో చెప్తాను.

1971 వైశాఖం. నాకు పంతొమ్మిదేళ్ళు. నాన్న చలిజ్వరంతో మంచం పట్టాడు. ఊళ్ళో మోతుబరి ఇంట పెళ్ళి. సన్నాయికి బాబాయి వెళ్ళాడు, పెళ్ళికొడుకు గడ్డం నా మీద పడింది. ముందురోజు సాయంత్రం కొట్లో ముగ్గురికి గీశాను. మూడో ఆయన చుబుకం దగ్గర కత్తి పట్టిపట్టి వదిలింది. ఈయన గడ్డం మొండిదిలే అనుకున్నాను. కత్తిని అనుమానించలేదు. పొద్దున్నే తోలుపట్టీ మీద నాలుగు తిప్పులు తిప్పి, పొదిలో పెట్టుకుని వెళ్ళిపోయాను.

పెళ్ళికొడుకు పీట మీద కూర్చున్నాడు, ఒళ్ళంతా నలుగు పసుపు. చెంపలు బాగానే వచ్చాయి. చెంపల మీద మెత్తటి వెంట్రుకలు, మొద్దు కత్తికీ లొంగుతాయి. దవడ కిందికి వచ్చేసరికి చప్పుడు మారింది. పదునున్న కత్తి గడ్డం మీద నడుస్తుంటే ఎండు గడ్డి తెగినట్టు సన్నగా వినబడుతుంది. ఆ వేళ అది ఆగిపోయి గరగరమంది. ఆయన కళ్ళు చికిలించాడు. చుట్టూ జనం, బయట డోలు, ముహూర్తం తరుముతోంది. ఆగి, రాయి తీసి నూరాల్సింది పోయి చెయ్యి బిగించాను. బిగించేసరికి ఇరుక్కున్న వెంట్రుకలు ఒక్కసారిగా వదిలాయి, కత్తి పక్కకు జారింది.

పసుపు మీద నెత్తురు. యాభై ఏళ్ళు దాటినా ఆ రంగు కళ్ళు మూసుకుంటే కనబడుతుంది. పటిక అదిమి పట్టాను, ఆగలేదు. వాళ్ళమ్మ అపశకునమని ఏడ్చింది, పెద్దవాళ్ళు నా మీదికి లేచారు. పెళ్ళికొడుకు ఒక్కడే, "నేనే కదిలాను, అతనిది తప్పు లేదు" అన్నాడు. ఆయన కదల్లేదు నాన్నా. నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

ఇంటికొచ్చేసరికి నాన్నకు కబురు అందింది. దుప్పటి కప్పుకునే లేచి, కత్తి విప్పి, అంచు పైకి వచ్చేలా కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు. "ఇటు చూడు" అన్నాడు. కత్తి మధ్యలో, గోరు వెడల్పున, తెల్లటి దారంలాంటి మెరుపు. పదునున్న అంచు మీద వెలుగు నిలవడానికి చోటుండదు, అందుకని అది కంటికి కనబడదు. మెరిసిందంటే అక్కడ గుండ్రబడింది, మొద్దుబారింది. నేను దవడ కింద వాడింది సరిగ్గా ఆ చోటే. నాన్న కొట్టలేదు, తిట్టలేదు. "గడ్డాన్ని తప్పుపట్టావు" అన్నాడు, అంతే.

ఆ పెళ్ళికొడుకు తరవాత కొన్ని దశాబ్దాలు మన కొట్టుకే వచ్చాడు. గాటు పడ్డ చోట మళ్ళీ వెంట్రుక మొలవలేదు. గీసిన ప్రతిసారీ నా వేలు అక్కడ ఆగేది.

కాబట్టి చుబుకం దగ్గర, పెదవి పైన కత్తి పట్టిందంటే అక్కడే ఆపు. ముందు నీళ్ళ సంగతి చూడు, సరిగా నానని గడ్డం కూడా లాగుతుంది. బాగా నానిందంటే కత్తి కడిగి, తుడిచి, తోలు మీద ముప్ఫైసార్లు తిప్పు. తోలు మీద వెన్ను, అంటే కత్తి మందపు వైపు, ముందు నడవాలి, అంచు వెనక రావాలి, మలుపు దగ్గర వెన్ను మీదనే దొర్లించాలి. తొందరపడి అంచు మీద తిప్పావో, తోలూ తెగుతుంది, పదునూ పోతుంది. తిప్పాక ముంజేతి వెంట్రుకల మీద ఆనించి చూడు, చర్మానికి నొక్కకుండానే రాలాలి. రాలలేదంటే, లేదా తోలు మీద తిప్పాక ఒకటి రెండు గడ్డాలకే మళ్ళీ లాగిందంటే, ఇక రాయి తీయాల్సిందే. గీసుకున్నాక ముఖం మండడం, ఒకే చోట మూడుసార్లు కత్తి పెట్టాల్సి రావడం కూడా అదే లెక్క. నెలల లెక్క పెట్టుకోకు. ఒక్కడి గడ్డమే కాబట్టి జాగ్రత్తగా వాడితే పదును చాలాకాలం నిలుస్తుంది, కానీ చెప్పాల్సింది క్యాలెండరు కాదు, నీ చెయ్యి. ఎప్పుడు బరువు వేస్తున్నట్టు అనిపిస్తే అప్పుడు కత్తి కింద పెట్టెయ్యి. నా మాట విను, బరువు వెయ్యకు.

నువ్వు తెప్పించిన సానరాయికి ఒకవైపు 1000 నంబరు గరుకు, ఇంకోవైపు 6000 నంబరు నునుపు అట. ఆ 1000 వైపు జోలికి వెళ్ళకు. అంచు పెచ్చు ఊడితే తప్ప దానితో పని లేదు. మా నాన్నా నేనూ నూరి నూరి ఆ కత్తి వెడల్పు ఇప్పటికే తగ్గింది. నున్నటి వైపు తడిపి, వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనేలా పడుకోబెట్టి, ఈసారి అంచు ముందుండేలా తేలిగ్గా లాగు. తరవాత తోలు. వాడాక తడి లేకుండా తుడిచి కాస్త కొబ్బరినూనె రాయి, తుప్పు అంచునే ముందు తింటుంది.

స్నేహితులు సరదాపడి అడిగినా ఆ కత్తి ఇంకొకరి ముఖానికి పెట్టకు. నెత్తుటితో కామెర్లూ హెచ్ఐవీ అంటుకుంటాయని తెలిశాకే నేను కొట్లో దాన్ని ఆపేసి, మనిషికో కొత్త బ్లేడు పెట్టాను.

ఆ తరవాత దాన్ని తీసింది ఒకే ఒక్కసారి, నీ పుట్టువెంట్రుకలకు. పసివాడి వెంట్రుక మరీ మెత్తన, పదును తక్కువైతే కత్తి కింద జారిపోతుంది, తెగదు. అందుకని ముందురాత్రి రెండు గంటలు కూర్చుని నూరాను, మరగబెట్టిన నీళ్ళలో కడిగాను, నా పిక్క మీద వెంట్రుకలు తీసి చూసుకున్నాను. నువ్వు మీ మేనమామ ఒళ్ళో నిద్రపోయావు, గుండంతా అయ్యేదాకా లేవలేదు. అప్పుడే చూశాను, నీ మెడ వెనక నాలాగే సుడి ఉంది. ఇప్పుడు గడ్డంలో, గొంతు పక్కన కూడా ఉండే ఉంటుంది, నాకుంది. అక్కడ వెంట్రుకలు అడ్డంగా మొలుస్తాయి. వేలితో నిమిరి వాలు చూసుకోనిదే అక్కడ కత్తి పెట్టకు.

దసరాకి వచ్చేటప్పుడు కత్తి తీసుకురా. వెలుతురులో అంచు నేనొకసారి చూస్తాను. మడిచి, పాత పంచె ముక్కలో చుట్టి, బట్టల మధ్యలో పెట్టుకో.

మీ తాతయ్య