బరంపురం కుర్రాడు నటుడు కావాలంటే: ముందు నాటకమా, నేరుగా సినిమానా?

అడిగిన ప్రశ్న ఇది: "బరంపురంలో బీకాం ఆఖరి సంవత్సరం. ఇంట్లో తెలుగు, బడిలో మొదట్నుంచీ ఒడియా. ఉగాదికి మా తెలుగు సంఘం వేసే పద్యనాటకంలో కర్ణుడి వేషం ఇచ్చారు. డిగ్రీ కాగానే సినిమాల కోసం హైదరాబాద్ వెళ్ళిపోనా, ఇంకొన్నాళ్ళు నాటకాలే వెయ్యనా? నా మాటలో ఒడియా యాస ఉందని రిహార్సల్లో అంటున్నారు. అది పోతుందా?"

తమ్ముడూ, ముందు యాస సంగతి. పోతుంది. రోజుకి 20 నిమిషాలు కూర్చుంటే ఉగాదిలోపే చాలావరకు దారిలో పడుతుంది. కాకపోతే "యాస ఉంది" అని మొత్తంగా అనుకుంటే ఏదీ దిద్దుకోలేవు. ఏ అక్షరం దగ్గర జారుతున్నావో విడివిడిగా పట్టుకోవాలి. ఒడియా బడిలో చదివిన మన పిల్లలకి నేర్పేటప్పుడు నేను మొదట వినేవి ఐదే ఐదు.

మొదటిది వ. ఒడియాలో సంస్కృత పదాల్లోని వ అంతా బ అయిపోతుంది. నీ నోట "వీరుడు" కాస్తా "బీరుడు" అయితే ప్రేక్షకుడికి కర్ణుడు మాయమైపోయి బీరువా కనిపిస్తుంది. రెండోది మాట మొదట్లో య. "యుద్ధం" అనాల్సినచోట "జుద్ధం" వస్తుంది. మూడోది క్ష. "క్షత్రియుడు" నోట్లో "ఖ్యత్రియుడు" అవుతుంది. నాలుగోది శ, ష, స మూడూ ఒకే స కావడం. ఐదోది అన్నిటికంటే ప్రమాదం: హ్రస్వదీర్ఘాలు. ఒడియాలో ఇ, ఈ రాతలో వేరు గాని పలకడంలో ఒకటే, ఉ, ఊ కూడా అంతే. తెలుగులో అక్కడే అర్థం మారిపోతుంది. "విధి" వేరు, "వీధి" వేరు. నీ పాత్రకి ఇది ప్రాణం మీదకొచ్చే విషయం, ఎందుకంటే "సుతుడు" అంటే కొడుకు, "సూతుడు" అంటే రథం తోలేవాడు. కర్ణుడి బతుకంతా ఆ రెండు మాటల మధ్యే నలిగింది. ఆ ఊ సగంలో ఆగిపోతే కథే తిరగబడుతుంది. వీటితోపాటు అ కారాన్ని ఒ వైపు గుండ్రంగా తిప్పే అలవాటు కూడా చూసుకో. "కర్ణ" అనేటప్పుడు పెదాలు ముందుకి రాకూడదు. అద్దం ముందు పలికితే నీకే కనబడుతుంది.

నీ దగ్గర ఉన్న మంచి సంగతి కూడా చెప్పాలి. ళ, ణ ఒడియాలో గట్టిగా నిలబడ్డాయి. అందుకే మన వైపు పిల్లలు "కళ", "ప్రాణం" స్పష్టంగా పలుకుతారు. ఆంధ్రలో, తెలంగాణలో పెరిగిన చాలామంది కుర్రాళ్ళకి ఇవాళ ఆ రెండూ ల, న అయిపోతున్నాయి. ఆ బలాన్ని పోగొట్టుకోకు.

సాధన ఇలా చెయ్. నీ భాగంలో వ, య, క్ష, శ, ష ఉన్న మాటలన్నిటికింద ఎర్ర పెన్సిల్‌తో గీత పెట్టు. దీర్ఘాలకి పైన చిన్న అడ్డగీత పెట్టు. ఆ మాటల్ని విడిగా పదిసార్లు, తర్వాత వాక్యంలో ఐదుసార్లు పలికి ఫోన్లో రికార్డు చేసి విను. పలుకుతున్నప్పుడు నీ చెవి నిన్ను మోసం చేస్తుంది, రికార్డు మోసం చెయ్యదు. దీనికి తోడు రోజుకో పోతన పద్యం, తెలుగు పత్రిక సంపాదకీయంలో ఒక పేరా పైకి చదువు. ఇంట్లో మాట్లాడే "ఏటి" (ఏమిటి), "బేగి" (త్వరగా) మాత్రం చెరిపెయ్యొద్దు. పౌరాణికానికి గ్రాంథికం కావాలి, సాంఘికానికి ఆ మాటలే కావాలి. గురజాడ విజయనగరంలో కూర్చుని రాసిన కన్యాశుల్కం 1892లో అక్కడే మొదటిసారి రంగం ఎక్కింది. ఆ నాటకం మాటతీరు మన ఇళ్ళకి ఎంతో దగ్గర. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి మేష్టారు పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలో. 1936లో ఒడిశా వేరు రాష్ట్రమై గీత మారింది గాని మన నోటి తెలుగు మారలేదు. నటుడు రెండు తెలుగులూ జేబులో పెట్టుకుని తిరగాలి.

యాస నటుడికి శిక్ష కాదు, నేర్చుకోదగ్గ వస్తువు అనడానికి కోట శ్రీనివాసరావు గారిని చూడు. కృష్ణా జిల్లా మనిషి. బ్యాంకు ఉద్యోగం చేస్తూ ఏళ్ళ తరబడి నాటకాలు వేశారు. 1978లో ప్రాణం ఖరీదుతో తెర మీదికి వచ్చారు. కానీ జనం గట్టిగా గుర్తుపట్టింది 1985లో ప్రతిఘటనలో, అదీ తెలంగాణ యాస మాట్లాడే మంత్రిగా. తనది కాని యాసని చెవితో పట్టి నోటికి ఎక్కించుకున్నారు. మధ్యలో ఏడేళ్ళు గడిచాయన్నది కూడా గమనించు.

ఇక శ్రుతి, అంటే పద్యం పాడటానికి ఆధారంగా పట్టుకునే స్వరం ఎత్తు. కొత్తవాళ్ళ గొంతు పాడయ్యేది ఇక్కడే. హార్మోనిస్టు పేరున్న పద్యనటుల శ్రుతికి అలవాటుపడి ఉంటాడు, నిన్ను కూడా అక్కడికే లాగుతాడు. రిహార్సల్లో ఒక్క పద్యం కాబట్టి అందుతుంది. నాటకం రోజున మూడో రంగానికి గొంతు చీలిపోతుంది. నువ్వు ఒకటి శ్రుతితో మొదలుపెట్టు, మహా అయితే ఒకటిన్నర. పరీక్ష ఏమిటంటే, రెండు గంటలు వరసగా మాట్లాడాక కూడా పై పంచమం (పై స్థాయి "ప") మెడనరాలు బిగియకుండా అందాలి. అందకపోతే అర మెట్టు దించమని మొహమాటం లేకుండా అడుగు. శ్రుతి తగ్గిందని ప్రేక్షకుడెవడూ లేచిపోడు, గొంతు కీచుమంటే లేచిపోతాడు.

పద్యంలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలన్నది చాలామంది తప్పుగా నేర్పుతారు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, 10వ అక్షరం యతి. చంపకమాలలో 21కి 11. శార్దూలంలో 19కి 13. మత్తేభంలో 20కి 14. ఆ యతిస్థానం పాదం మొదటి అక్షరంతో మైత్రి కోసమే, ఆగడానికి కాదు. అక్కడ ఆగితే చాలాసార్లు మాట రెండు ముక్కలవుతుంది. పాదం చివర ఆగినా అదే గతి, తెలుగు పద్యంలో మాట ఒక పాదంలో మొదలై తర్వాతి పాదంలో పూర్తవుతుంది కదా. ముందు పద్యాన్ని వచనంలా, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు చెప్పు. అర్థం ఎక్కడ విరిగితే అక్కడ పెన్సిల్ గీత పెట్టు. ఆ గీతల దగ్గరే ఊపిరి. రాగం ఆ తర్వాత. ఉత్తరాంధ్ర నుంచే వచ్చి కృష్ణుడి వేషానికి పెట్టింది పేరైన పీసపాటి నరసింహమూర్తి గారి రికార్డింగులు విను. రాగం ఎంత తీశారని కాకుండా, పద్యంలో ప్రతి మాటా ఎలా తెలుస్తోందో గమనిస్తూ విను.

నాటకమా, సినిమానా అన్నదానికి నా మాట స్పష్టంగా చెబుతాను. ఇంకో రెండేళ్ళు నాటకమే, ఉద్యోగమో చదువో తోడుగా చేసుకుంటూ. ఇది భయంతో చెప్పేది కాదు. మన నటుల బతుకులు చూడు. బళ్ళారి రాఘవ పుట్టింది 1880లో. వృత్తి వకీలు. నీలాగే సరిహద్దు ఊరివాడు, చుట్టూ కన్నడం, ఇంట్లో తెలుగు. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడింట్లోనూ నాటకాలు ఆడాడు. భావం చెడేలా రాగాలు తీయడాన్ని ఒప్పుకోలేదు, ఆడవేషం ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టాడు. సినిమా తెర మీదికి వచ్చింది 1936లో, ద్రౌపదీ మానసంరక్షణంలో. అప్పటికి దాదాపు 56 ఏళ్ళు. తర్వాత 1939లో రైతుబిడ్డ. గొల్లపూడి మారుతీరావు గారు 1939లో విజయనగరంలో పుట్టారు. ఆకాశవాణి ఉద్యోగంలో మన ఒడిశాలోని సంబల్‌పూర్‌లో కూడా పనిచేశారు. నాటకాలు రాశారు, సినిమాలకి కథలు, మాటలు రాశారు. నటుడిగా తెర మీద కనిపించింది 1982లో, నలభై దాటాక. వీళ్ళెవరూ వేషం దొరికేదాకా పస్తులుండి ఎదురుచూడలేదు. జీతం ఒకచోట, సాధన ఒకచోట. అందుకే అవకాశం వచ్చిన రోజుకి చేతిలో సరుకు ఉంది.

నాటకం ఇవ్వలేనిది కూడా ఒకటుంది. కెమెరా ముందు స్టేజీ నటుడు చేసే తప్పులు దాదాపు అందరివీ ఒకటే. ఆఖరి వరసకి కనబడాలని కనుబొమలు ఎత్తుతాడు, క్లోజప్‌లో అది వెక్కిరింతలా ఉంటుంది. మాట అయ్యాక చప్పట్ల కోసం ఒక క్షణం ఆగడం అలవాటై ఉంటుంది, అక్కడ సీను చచ్చిపోతుంది. ఎదుటివాడి మాట వినకుండా తన వంతు కోసం కాచుకుంటాడు, కెమెరా దాన్ని వెంటనే పట్టేస్తుంది. ఇంకోటి, స్టేజీ మీద ఒకసారి చేస్తే అయిపోతుంది. షూటింగులో అదే ముక్క దూరం నుంచి, దగ్గర నుంచి, ఎదుటి మనిషి భుజం మీదుగా మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. ఏ మాట దగ్గర ఏ చేత్తో గ్లాసు ఎత్తావో ప్రతిసారీ అదే రావాలి. లేకపోతే ఎడిటింగులో ముక్కలు అతకవు.

దీనికి ఇంట్లోనే సాధన ఉంది. ఒక పేజీ సంభాషణ తీసుకో. ఫోను 10 అడుగుల దూరంలో పెట్టి చెయ్. తర్వాత 4 అడుగులు, ఆపైన ఒకటిన్నర అడుగు. దగ్గరయ్యేకొద్దీ గొంతు తగ్గాలి, చేతులు ఆగాలి, ఆలోచన మాత్రం అంతే వేడిగా ఉండాలి. చాలామంది మూడోసారికి అన్నీ తగ్గించేస్తారు, ఆలోచన కూడా. అప్పుడు ముఖం మొద్దుబారిపోతుంది. తర్వాత అదే వీడియో శబ్దం తీసేసి చూస్తూ, నీ పెదాలకి సరిగ్గా మాట కలుపు. తెలుగు సినిమాలో డబ్బింగ్ పెద్ద పని. సొంత గొంతు పెదాలకి కలపలేకపోతే నీ పాత్రకి వేరేవాళ్ళ గొంతు పెట్టేస్తారు.

ఆడిషన్‌కి పంపే వీడియో ఒక్క నిమిషం చాలు. ఫోను అడ్డంగా, కంటి ఎత్తులో. ఛాతీ నుంచి పైకి కనబడాలి. వెనక ఏ బొమ్మా లేని గోడ. కిటికీ వెలుగు ముఖం మీద పడాలి, వెనక నుంచి కాదు. ఫ్యాను ఆపెయ్, శబ్దం చెడిపోతుంది. ఎదుటి పాత్ర మాటలు చదివేవాణ్ణి కెమెరాకి ఆనుకుని నిలబెట్టు, నువ్వు వాడి కళ్ళలోకి చూడు, లెన్సులోకి కాదు. మొదట్లో పేరు, వయసు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు. ఒడియా వచ్చని తప్పకుండా చెప్పు. కటక్, భువనేశ్వర్ వైపు ఒడియా సినిమాలు, సీరియల్స్‌లో కూడా నీకు దారి ఉంది. మన సరిహద్దు పిల్లలు ఈ రెండో తలుపుని ఊరికే మర్చిపోతుంటారు.

వేషానికి డబ్బు కట్టమన్నవాడి దగ్గర నిలబడకు. రిజిస్ట్రేషన్ అన్నా, కార్డు అన్నా, ఫొటోషూట్ అన్నా సరే. నటుడికి డబ్బివ్వాలి గాని నటుడి దగ్గర తీసుకోకూడదు. పద్ధతిగా చదవాలని ఉంటే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ రంగస్థల కళల కోర్సులు ఉన్నాయి. భువనేశ్వర్‌లో ఉత్కళ సంగీత మహావిద్యాలయం ఉంది. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకి డిగ్రీతోపాటు కొన్ని నాటకాల్లో పాల్గొన్న అనుభవం కూడా అడుగుతారు. కాబట్టి ఇప్పట్నుంచే ప్రతి నాటకం కరపత్రం, ఫొటో, సంఘం ఇచ్చిన పత్రం ఒక ఫైల్లో పెట్టుకో.

ఉగాది రాత్రి గురించి నాలుగు మాటలు. పద్యనాటకంలో కోపం రాగానే గుండె మీద చరుచుకోవడం ఆనవాయితీ. కాలర్ మైకు పెట్టి ఉంటే ఆ దెబ్బ డప్పులా మోగుతుంది, వెనకాల మాట పోతుంది. చెయ్యి పొట్ట దగ్గరికి మార్చుకో, లేకపోతే తాకకుండా ఆపు. కిరీటం రెండు రోజుల ముందే విగ్గుతో కలిపి పెట్టి చూడు. లోపల నూలుగుడ్డ నాలుగు మడతలు పెట్టకపోతే గంట తిరిగేసరికి కణతలు పోటెత్తుతాయి. మీసం ఊడిపోవడానికి కారణం గమ్ము కాదు, కింద ఉన్న జిడ్డు. పై పెదవి మీద బేస్ (అడుగు రంగు) రాయకుండా వదిలెయ్, గుడ్డతో తుడిచి స్పిరిట్ గమ్ రాసి, వేలికి జిగురుగా తగిలేదాకా ఆగి అప్పుడు మీసం పెట్టి తడిగుడ్డతో నొక్కు. వెంటనే నవ్వకు, మాట్లాడకు. తీసేటప్పుడు లాగొద్దు, రిమూవరో స్పిరిటో అంచుల్లో తడిపితే అదే వదులుతుంది. రంగు తీయడానికి మొదట కొబ్బరినూనె, దూది. సబ్బు ఆ తర్వాతే, లేకపోతే రంగు చర్మంలోకి ఇంకి మర్నాటికి ముఖం మండుతుంది.

ఇంకొక్కటి. ఆ రాత్రి ఆఖరి వరసలో ఎవరిచేతనైనా ఫోన్లో మాట మాత్రం రికార్డు చేయించు. మర్నాడు స్క్రిప్టు పక్కన పెట్టుకుని విను. ఏ మాట అక్కడిదాకా చేరలేదో దాని కింద గీత పెట్టు. తర్వాతి నాటకానికి రిహార్సల్ ఆ గీతల దగ్గర్నుంచే మొదలుపెట్టు.