కొత్తవాళ్లకి స్కూబా నేర్పడానికి ఎలాంటి సెట్లు కొనాలి? (చెన్నై, ఆరుగురి బ్యాచ్)

మీరు అడిగింది ఇదీ: వేళచ్చేరి వైపు పూల్‌లో క్లాసులు, బ్యాచ్‌కి ఆరుగురు, ఎక్కువమంది ఓఎంఆర్ ఐటీ ఆఫీసుల్లో పనిచేసే మన తెలుగువాళ్లు, అప్పుడప్పుడు పదేళ్లు దాటిన పిల్లలు. పూల్ అయ్యాక పుదుచ్చేరి సముద్రం. జాకెట్ బీసీడీలు (గాలి నింపి తేలే స్థాయిని సర్దుకునే జాకెట్లు) కొనాలా, బ్యాక్‌ప్లేట్ (వీపు పలక), వింగ్ (వీపు వెనక మాత్రమే ఉండే గాలి సంచి), పొడవాటి హోస్ (గాలి గొట్టం) పద్ధతికి వెళ్లాలా, ఉన్న డబ్బు ముందు దేనిమీద పెట్టాలి?

డబ్బు ముందు సైజుల మీద పెట్టండి. తర్వాత బరువుల మీద. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్లది మూడో స్థానం. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ఖరీదైన రెగ్యులేటర్లు తెచ్చి, బీసీడీలు మాత్రం మీడియం, లార్జ్ అని రెండే సైజుల్లో పెట్టుకుంటారు. పూల్‌లో మూడు మీటర్ల లోతులో మంచి రెగ్యులేటర్‌కీ మరీ మంచి రెగ్యులేటర్‌కీ తేడా నేర్చుకునేవాళ్లకి తెలియదు. వదులు జాకెట్ సంగతి మాత్రం గాలి నింపగానే తెలిసిపోతుంది. జాకెట్ చెవుల దాకా లేస్తుంది, సిలిండర్ పక్కకి ఒరుగుతుంది, దానితో పాటే మనిషీ దొర్లుతాడు. బిగుతు జాకెట్ ఇంకా చెడ్డది. నిండా నింపితే ఛాతీని నొక్కేస్తుంది. ఊపిరి ఆడట్లేదని కంగారు పడేవాళ్లలో కొందరికి అసలు కారణం భయం కాదు, జాకెట్టే. అందుకే గట్టుమీదే జాకెట్ పూర్తిగా నింపి, గట్టిగా ఊపిరి పీల్చమని చెప్పండి. ఛాతీ పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి.

ఆరుగురికి ఎనిమిది బీసీడీలు ఉంచుకోండి: ఎక్స్‌ఎస్ ఒకటి, ఎస్ రెండు, ఎం మూడు, ఎల్ ఒకటి, ఎక్స్‌ఎల్ ఒకటి. అన్నీ ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయితే మంచిది. ఇన్‌ఫ్లేటర్ (గాలి నింపే) బటన్లు, డంప్ (గాలి వదిలే) తాళ్లు, పట్టీల బకిల్స్ అందరికీ ఒకే చోట ఉంటేనే మీరు ఒకసారి చూపించింది ఆరుగురికీ అందుతుంది. ఒకరికి డంప్ తాడు కుడి భుజం మీద, పక్కవాళ్లకి నడుము దగ్గర ఉంటే నీళ్లలో చేతి సైగలతో వివరించడం అయ్యే పని కాదు.

జాకెట్టా వింగా అంటే, మీ బ్యాచ్‌కి జాకెట్టే. వింగ్‌తో నీళ్లలో అడ్డంగా తేలడం సులువు, అందులో అనుమానం లేదు. కానీ పైకి వచ్చాక భయంతో వింగ్ నిండా నింపేస్తే అది మనిషిని ముందుకు తోస్తుంది, ముఖం నీళ్లలో పడుతుంది. అలవాటైనవాళ్లు కాస్త వెనక్కి వాలతారు, కొత్తవాళ్లకి అది తోచదు. ఇంకో కారణం: మీ దగ్గర నేర్చుకున్నవాళ్లు రేపు కర్ణాటక తీరంలోని నేత్రాణికో అండమాన్‌కో వెళితే అక్కడ అద్దెకిచ్చేవాటిలో ఎక్కువ భాగం జాకెట్, పసుపు ఆక్టోపస్ (గాలి అయిపోయినవాళ్లకి ఇచ్చే రెండో మౌత్‌పీస్) ఉన్న సెట్లే. చేతులు దానికి అలవాటు పడాలి. రెండు మీటర్ల హోస్ తప్పు పద్ధతని నేను అనను. గాలి అయిపోయినవాడు ఎదుటివాడి నోట్లో ఉన్నదాన్నే లాక్కుంటాడు కాబట్టి నోట్లోది ఇచ్చేసే ఆ పద్ధతికి బలమైన తర్కమే ఉంది. దాన్ని చివరి పూల్ రోజున చూపించండి. ఆ రోజు తప్పించి, నేర్పేటప్పుడు మీ ఒంటిమీద కూడా వాళ్ల సెట్ లాంటిదే ఉండాలి. మీరు వింగ్ వేసుకుని వాళ్లకి జాకెట్ చూపిస్తే వాళ్లు మీ చేతిని చూసి నేర్చుకోలేరు.

ఇక బరువులు. అసలు పని ఇక్కడే ఉంది. కొత్తవాళ్లు కిందికి దిగట్లేదని నడుముకి ఇంకో రెండు కిలోలు తగిలించేయడం అందరూ చేసే పని. దిగుతారు, నిజమే. కానీ ఆరు కిలోలు ఎక్కువైతే నీళ్లలో నిలబడటానికి జాకెట్‌లో ఆరు లీటర్ల గాలి అదనంగా నింపాలి. మూడు మీటర్ల లోతులో పీడనం 1.3 బార్, పైన 1 బార్. అంటే ఆ ఆరు లీటర్లు పైకి వచ్చేసరికి దాదాపు 7.8 లీటర్లు అవుతాయి. అడుగు నుంచి ఒక్క మీటరు లేచినా గాలి వ్యాకోచించి ఇంకా పైకి లాగుతుంది, గాలి వదిలితే రాయిలా పడిపోతారు. పూల్ లాంటి తక్కువ లోతులో ఈ మార్పు మరీ ఎక్కువ. అందుకే పూల్‌లో బరువు ఎక్కువైనవాడికి తేలడం ఎన్ని క్లాసులైనా రాదు, తప్పు తనదే అనుకుంటాడు.

బరువు చూసే పద్ధతి: తల మునిగే లోతులో, ఫిన్స్ (కాళ్ల తెడ్లు) కదపకుండా నిటారుగా నిలబెట్టండి. జాకెట్ పూర్తిగా ఖాళీ చేసి, మామూలు ఊపిరి పట్టుకుంటే నీళ్లు కంటి మట్టానికి రావాలి, వదిలితే మెల్లగా మునగాలి. (ఊపిరి పట్టుకోవడం ఈ పరీక్షలో నీటిపైన మాత్రమే అని ప్రతిసారీ చెప్పండి.) ఇది సిలిండర్‌లో 50 బార్ ఉన్నప్పుడు చూడాలి. నిండు సిలిండర్‌తో చూస్తే రెండు కిలోలు కలపాలి. ఎందుకంటే మన దగ్గర దొరికే 80 క్యూబిక్ ఫీట్ అల్యూమినియం సిలిండర్ 11.1 లీటర్లది. 200 బార్ నుంచి 50 బార్‌కి వచ్చేసరికి దాదాపు రెండు కిలోల గాలి ఖర్చవుతుంది, చివరికి సిలిండరే పైకి తేలడం మొదలుపెడుతుంది. సముద్రానికి వెళ్లేటప్పుడు మళ్లీ లెక్క వేయండి. ఉప్పునీరు రెండున్నర శాతం దాకా బరువెక్కువ. సామానుతో కలిపి 100 కిలోలు ఉన్న మనిషికి రెండున్నర కిలోలు అదనంగా కావాలి.

ఎంత బరువు అన్నది ఎంత ముఖ్యమో, అది ఎక్కడ ఉందన్నదీ అంతే ముఖ్యం. బరువంతా నడుము దగ్గర ఉంటే కాళ్లు కిందికి దిగి మోకాళ్ల మీద కూర్చుంటారు. బెల్ట్ నుంచి రెండు ఒక్క కిలో ముక్కలు తీసి సిలిండర్ పట్టీకి, వీలైనంత పైన, ఎడమా కుడీ తగిలించి చూడండి. చాలామంది వెంటనే అడ్డంగా సర్దుకుంటారు. బరువైన రబ్బరు ఫిన్స్ కూడా కాళ్లని కిందికి లాగుతాయి. పూల్‌కి తేలికైన ప్లాస్టిక్‌వి చాలు. అందుకని సీసం కొనేటప్పుడు చిన్న ముక్కలే ఎక్కువ తీసుకోండి: ఒక్క కిలోవి 24, రెండు కిలోలవి 8, అర కిలోవి ఓ ఆరు. బెల్ట్ బకిల్ అందరిదీ కుడిచేత్తో ఒక్క లాగుకి ఊడేటట్టు ఉండాలి.

సిలిండర్ పట్టీ గురించి ఒక మాట. నైలాన్ పట్టీ పొడిగా ఉన్నప్పుడు బిగిస్తే నీళ్లలో తడిసి సాగుతుంది, సిలిండర్ జారి తొడల మీద తగులుతుంది. ముందు పట్టీని తడిపి బిగించండి. తర్వాత జాకెట్ పై పిడి పట్టుకుని సెట్ మొత్తం ఎత్తి కుదపండి. సిలిండర్ కదిలితే మళ్లీ బిగించాల్సిందే. వాల్వ్ మెడ మట్టంలో ఉండాలి. మరీ పైకి ఉంటే తల ఎత్తినప్పుడల్లా ఫస్ట్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో వాల్వ్‌కి బిగించే భాగం) తగులుతుంది, దాంతో తల ఎత్తడమే మానేస్తారు. పిల్లలకి 63 క్యూబిక్ ఫీట్ సిలిండర్ దొరికితే తీసుకోండి. దాదాపు 10 సెంటీమీటర్లు పొట్టి, కాబట్టి పిరుదులకి తగలదు. వాళ్లకి చిన్న మౌత్‌పీస్ కూడా వేరుగా కావాలి. పెద్దవాళ్లది పెడితే పదినిమిషాల్లో దవడ నొప్పి, పెదవుల పక్కనుంచి నీళ్లు.

రెగ్యులేటర్లు ఏడు, మీది కాక. యోక్ బిగింపు (వాల్వ్ చుట్టూ పట్టి మరతో బిగించేది) ఉన్న మామూలు పిస్టన్ ఫస్ట్ స్టేజ్ చాలు. భాగాలు తక్కువ, సర్వీస్ చవక. సముద్రంలో బురద ఎక్కువ ఉండే చోటికి తరచూ వెళితే సీల్ చేసిన డయాఫ్రం (లోపల పల్చటి పొర ఉండే) రకం మేలు. కొనేముందు ఒకటే అడగండి: దీని సర్వీస్ కిట్ ఇండియాలో ఎన్నాళ్లకి వస్తుంది? సమాధానం నీళ్లు నమిలినట్టు ఉంటే వేరేది చూడండి. గేజ్‌లన్నీ బార్‌లోనే ఉండాలి. ఒకరికి పీఎస్ఐ (పీడనానికి ఇంకో కొలత) గేజ్ ఇచ్చి "50కి వస్తే చెప్పు" అంటే అక్కడ ప్రమాదం ఉంది. 50 బార్ అంటే 700 పీఎస్ఐకి పైమాటే. 50 పీఎస్ఐ అంటే సిలిండర్ ఖాళీ. ఆక్టోపస్ హోస్ పసుపు, మీటరు పొడవు, కుడివైపు, గడ్డానికీ పక్కటెముకల అంచుకీ మధ్య కనబడేలా, లాగితే ఊడేలా పెట్టించండి. వేలాడదీస్తే అడుగున ఇసుక తింటుంది, తర్వాత ఎగ్జాస్ట్ వాల్వ్‌లో ఇసుక రేణువు ఇరుక్కుని ప్రతి ఊపిరికీ నీటి తుంపర వస్తుంది.

క్లాసుకి ముందు ప్రతి సెట్‌కీ రెండు పరీక్షలు. సిలిండర్ వాల్వ్ తెరవకుండా మౌత్‌పీస్‌లోంచి పీల్చండి. గాలి అస్సలు రాకూడదు. వస్తే మౌత్‌పీస్ చిరిగి ఉండాలి, లేదా డయాఫ్రమో ఎగ్జాస్ట్ వాల్వో పోయి ఉండాలి. తర్వాత వాల్వ్ పూర్తిగా తెరిచి, గేజ్ చూస్తూ నాలుగైదు ఊపిర్లు పీల్చండి. పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి ఊగుతుంటే వాల్వ్ సగమే తెరిచారని అర్థం. ఇన్‌ఫ్లేటర్ బటన్‌ని కూడా గట్టుమీదే నొక్కి వదలండి. ఉప్పు గడ్డకట్టి బటన్ ఇరుక్కుంటే జాకెట్ దానంతట అదే నిండుతుంది. ఆ హోస్‌ని ఊడదీయడం ప్రతి విద్యార్థికీ మొదటి రోజే చేతికి అలవాటు చేయించండి.

మాస్క్‌లు పది, మూడు మోడళ్లలో. ముఖాలు ఒకేలా ఉండవు కాబట్టి ఇక్కడ మాత్రం ఒకే మోడల్ సూత్రం పనికిరాదు. పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో పీలిస్తే అతుక్కుని ఉండాలి. నీళ్లు కారుతుంటే మాస్క్ మార్చేముందు జుట్టు చూడండి. సిలికోన్ అంచు కింద నాలుగు వెంట్రుకలు చాలు. తలకి కొబ్బరినూనె రాసుకొస్తే పట్టీ జారిపోతుంది. మీసం ఒత్తుగా ఉన్నవాళ్లకి ముక్కు కింద కొంచెం కారడం మామూలే, ఆ సంగతి ముందే చెబితే కంగారు పడరు. రెండద్దాల మాస్క్ ఒకటి రెండు ఉంచుకుంటే చూపు తక్కువైనవాళ్లకి పవర్ అద్దాలు మార్చి ఇవ్వొచ్చు. ఐటీ బ్యాచ్‌లో ఈ అవసరం తప్పకుండా వస్తుంది.

సిలిండర్లు కొనకండి, గాలి నింపేచోటే అద్దెకి తీసుకోండి. టెస్ట్ తేదీ భుజం మీద చెక్కి ఉంటుంది, చూసి తీసుకోండి. సెకండ్ హ్యాండ్‌వి ఎవరైనా అమ్మజూపితే 1990కి ముందు తయారైన అల్యూమినియం సిలిండర్లు ముట్టుకోవద్దు. అప్పట్లో చాలావాటికి వాడిన 6351 మిశ్రమానికి మెడ దగ్గర పగుళ్లు వచ్చే గుణం ఉంది. నింపించిన గాలిని ఒకసారి వాసన చూడండి. నూనె వాసన వస్తే వెనక్కి ఇచ్చేయండి. చెన్నై ఉక్కపోతలో కంప్రెసర్ ఫిల్టర్ తొందరగా తేమ పట్టేస్తుంది, ఎప్పుడు మార్చారని అడగడంలో మొహమాటం వద్దు. నింపగానే వేడిగా ఉన్నప్పుడు 200 చూపిన సిలిండర్ చల్లారాక 185 దాకా దిగొచ్చు. ఎవరో గాలి కాజేశారని గొడవ పడేముందు ఇది గుర్తుంచుకోండి.

విడిభాగాల డబ్బాలో యోక్ ఓ-రింగ్‌లు (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగులు) పదైనా ఉండాలి, సైజు 014. ప్యారీస్ దగ్గర హార్డ్‌వేర్ షాపుల్లో సైజు దొరుకుతుంది గానీ 90 గట్టిదనం ఉన్నవే అడగండి. మెత్తగా ఉండే 70వి ఒత్తిడికి బయటికి ఉబ్బి పగులుతాయి. మౌత్‌పీస్‌లు, జిప్ టైలు, మాస్క్ పట్టీ, ఫిన్ పట్టీ, ఒక ఇన్‌ఫ్లేటర్ హోస్ కూడా వేసుకోండి.

కడగడానికి ఈసీఆర్ (సముద్రతీరపు రోడ్డు) వైపు బోరు నీళ్లు వాడొద్దు. చాలాచోట్ల అవే ఉప్పగా ఉంటాయి. ట్యాంకర్ నీళ్లయినా నయం. రెగ్యులేటర్ టోపీని (ఫస్ట్ స్టేజ్ మూతని) తుడిచి, ఆరాక బిగించి అప్పుడు ముంచండి, ముంచినప్పుడు పర్జ్ బటన్ (మౌత్‌పీస్ ముందు గాలి వదిలే బటన్) నొక్కకండి, నొక్కితే నీళ్లు హోస్ గుండా ఫస్ట్ స్టేజ్‌లోకి పోతాయి. జాకెట్ లోపల కూడా మంచినీళ్లు పోసి, తలకిందులు చేసి ఇన్‌ఫ్లేటర్ గుండా వదిలేసి, సగం గాలి నింపి నీడలో వేలాడదీయండి. ఖాళీగా మడిచి పెడితే ఈ తేమకి వారంలో లోపల బూజు వాసన పట్టుకుంటుంది.