వైఫై సిగ్నల్ నిండుగా ఉన్నా వీడియో కాల్ తెగిపోతోంది, పింగ్ చేస్తే తప్పెక్కడో తెలుస్తుందా?

తెలుస్తుంది. ఈ సమస్యకు స్పీడ్ టెస్ట్ శుద్ధ దండగ. 1983 డిసెంబర్‌లో అమెరికా సైన్యపు పరిశోధనశాలలో నెట్‌వర్క్ వింతగా ప్రవర్తిస్తుంటే మైక్ మూస్ రాసిన ప్రోగ్రామ్ ఈ పింగ్. అవతలి యంత్రానికి చిన్న ప్యాకెట్ (సందేశపు ముక్క) పంపి, జవాబు వస్తుందా, ఎంతసేపట్లో వస్తుందో చూపిస్తుంది. ఇప్పటికీ దాన్ని మించింది లేదు.

ఖమ్మంలో మా బాబాయి వాళ్లింట్లోనూ ఇదే గొడవ. తమ్ముడిది ఇంటి నుంచి ఉద్యోగం. సాయంత్రమైతే చాలు, మీటింగ్ మధ్యలో మాట ఆగిపోయేది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "రూటర్ ఆపి ఆన్ చేయండి" తప్ప ఇంకో మాట లేదు. లైన్‌మన్ మధ్యాహ్నం వచ్చి స్పీడ్ టెస్ట్ చూపించి, "వంద వస్తుంది గదన్నా, సాయంత్రం లోడ్ ఎక్కువుంటది" అని వెళ్లిపోయాడు. నెల డబ్బులు ముందే కట్టించుకుని ఇలా చెబితే ఒళ్లు మండదా?

ఆ సాయంత్రం లాప్‌టాప్‌లో రెండు కమాండ్ విండోలు తెరిచాను. ఒకదాంట్లో పింగ్ రూటర్‌కి, అంటే ping 192.168.1.1 అని (మీది వేరే కావచ్చు, అదే విండోలో ipconfig కొడితే డిఫాల్ట్ గేట్‌వే దగ్గర ఉంటుంది). రెండోదాంట్లో గూగుల్ సర్వర్ 8.8.8.8కి. విండోస్ 4 ప్యాకెట్లు పంపి ఆగిపోతుంది, అది చాలదు. కమాండ్ చివర -t పెడితే ఆపేదాకా నడుస్తుంది.

రెండూ చక్కగా పలుకుతున్నాయి. ఇంతలో దోమలొస్తున్నాయని పిన్ని హాల్లో కిటికీ మూసింది. రూటర్ జవాబు మామూలుగానే వస్తోంది, గూగుల్‌కి మాత్రం వరసగా "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్". అంటే వైఫై తప్పు కాదు, రూటర్ దాటాకే ఏదో ఉంది. వెళ్లి చూస్తే ఫైబర్ వైరు ఆ కిటికీ రెక్క సందులోంచే లోపలికి లాగారు. మూసినప్పుడల్లా నలిగి మడత పడుతోంది. ఫైబర్ అలా వంగితే లోపలి వెలుతురు బయటికి పోతుంది, సిగ్నల్ అందదు. గోడకు బెజ్జం వేయడానికి బద్ధకించి చేసిన పని అది. మళ్లీ పిలిపించి గోడలోంచి వేయించాక కాల్ తెగడం ఆగింది.

మీ ఇంట్లో రూటర్ పింగే తడబడితే వైఫై సంగతి చూడండి, ఒకసారి లాన్ కేబుల్ పెట్టి పోల్చండి. 8.8.8.8 పలికి, సైట్ పేరు కొడితే హోస్ట్ దొరకలేదంటే డీఎన్ఎస్ (సైట్ పేరును నంబరు అడ్రసుగా మార్చే సర్వర్) మార్చండి. కొన్ని సర్వర్లు పింగ్‌కు కావాలనే జవాబివ్వవు, ఒక్క సైట్ పలకలేదని నెట్ పోయిందనుకోవద్దు. రూటర్ బాగుండి బయటే పోతుంటే, రెండు విండోలూ కనిపించేలా ఫొటో తీసి కంప్లైంట్‌తో పంపండి. లోడ్ ఎక్కువుందని తప్పించుకోనివ్వకండి.