అల్లిక ప్యాటర్న్ పుస్తకం కొనదగినదో కాదో ఎలా తెలుస్తుంది?

ఫొటోలు చూసి కొనకండి. ముందు ఒక స్వెటర్ ప్యాటర్న్ తెరిచి గేజ్ ఇచ్చారో లేదో చూడండి. అంటే 10 సెం.మీ. కొలతలో ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు రావాలో. 22 కుట్లు రావాల్సిన చోట మీ చేతికి 20 వస్తే, 200 కుట్ల స్వెటర్ చుట్టుకొలత 91 సెం.మీ. బదులు 100 సెం.మీ. అవుతుంది. ఎన్నో రోజుల కష్టం విప్పేయాలి, ఆ బాధ మామూలుది కాదు. గేజ్ లేని పుస్తకం నేనైతే కొనను.

తర్వాత సూది సైజు. మన దగ్గర సూదులకు ఎక్కువగా బ్రిటిష్ నంబర్లే వాడతారు: 10వ నంబరు అంటే 3.25 మి.మీ. అమెరికన్ పుస్తకంలో అదే 10 అంటే 6 మి.మీ. అందుకే మిల్లీమీటర్లు కూడా ఇచ్చిన పుస్తకమే మేలు.

ఊలు బ్రాండ్ పేరొక్కటే రాసి వదిలేస్తే, అది ఇక్కడ దొరక్క టెన్షన్. మందం, ఒక్కో ఉండకు ఎన్ని గ్రాములు, ఎన్ని మీటర్లు అన్నది ఉంటే వేరే ఊలు ఎంచుకోవచ్చు. పూర్తయ్యాక వచ్చే కొలతలతో గీసిన బొమ్మ ఉంటే ఇంకా మంచిది. ప్రచురణకర్తలు తప్పుల సవరణలు విడిగా పెట్టారా? భయపడకండి, అది శ్రద్ధకు గుర్తు.